అర గిలాస మందు

శుక్రవారం పొద్దున్నే నల్లగొండ రామగిరిలో ప్రైవేటు పరిశోధకుడు జానయ్య ఇంటి ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా దుమ్ము, నెత్తిన తువ్వాల. లోపలికి రమ్మన్నా గడప దాటలేదు. మగ్గం నేసే సాలోళ్ళ ఇంటి మనిషి, మిషన్‌లో కలిసిన మాలవాడి ఇంట్లో అడుగు పెట్టడానికి జంకుతున్నాడని జానయ్యకు అర్థమైంది. తానే బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సహాయకుడు గుర్వయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టాడు. వచ్చినవాడు ఆ చెంబును కాసేపు చూసి, ఎత్తి గటగటా తాగేశాడు.

అతని పేరు భిక్షపతి. నకిరేకల్ అవతల ఈదులవాగులో మగ్గం నేస్తాడు. అతని బావ వెంకటనర్సు రెండేళ్ళుగా కడుపులో పుండుతో బాధపడి మొన్న బుధవారం మధ్యాహ్నం చనిపోయాడు. చీకటి పడకముందే పోలీసు చౌకీ నుంచి అమీన్ వచ్చి, మొగుడికి ఉమ్మెత్త గింజలు నూరి పెట్టిందని భిక్షపతి అక్క ఉప్పలమ్మను పట్టుకుపోయాడు.

"రెండేండ్ల సంది ఆయనకు జావ గాసి పోసుడే మా అక్క బతుకు. ఆమె ఎందుకు సంపుతదయ్యా?" అన్నాడు భిక్షపతి. "సోమవారం లోపట ఒప్పుకోకుంటే గోర్లు గుంజుతనన్నడట అమీన్."

జానయ్యకు యాభై ఏళ్ళు. తండ్రి దొర పొలంలో వెట్టి చేస్తూ పోయాడు. కొడుకు మిషన్ బడిలో చదివి, హైదరాబాదులో ఒక వకీలు దగ్గర పన్నెండేళ్ళు కేసుల ఆరా తీసి, ఆ పనినే బతుకుదెరువు చేసుకున్నాడు. గుర్వయ్య కచ్చేరి ముందు కూర్చుని అర్జీలు రాసేవాడు. ఒకసారి జానయ్య ఒక దొంగ దస్తావేజును కళ్ళముందే పట్టేయడం చూసి, కలం జేబులో పెట్టుకుని లేచి ఆయన వెంట వచ్చేశాడు. అప్పటినుంచి జానయ్య ఏం చేసినా గుర్వయ్యకు వింతే.

గోళ్ళ మాట వినగానే జానయ్య దవడ బిగుసుకోవడం గుర్వయ్య గమనించాడు. అది కోపం వచ్చిన గుర్తు. కోపం వస్తే జానయ్య మాటలు తగ్గిపోతాయి.

యుద్ధం మూలంగా పెట్రోలు దొరకని రోజులు. బొగ్గు పొగతో నడిచే బస్సు ముగ్గురినీ నకిరేకల్‌లో దింపేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కణ్ణుంచి బండి కట్టించుకుని ఈదులవాగు చేరారు. హైదరాబాదు వకీలు పేరు చెబితే చౌకీలో అమీన్ గొణుక్కుంటూనే ఉప్పలమ్మతో మాట్లాడనిచ్చాడు.

ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. ఏడుస్తూ కనిపిస్తుందనుకున్నాడు గుర్వయ్య. ఆమె కళ్ళు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. మొగుడు పోయిన మూడో రోజు అది. శవాన్ని తీసుకుపోతుంటే చూడటానికి కూడా వదల్లేదు ఆమెను.

జానయ్య ఆమెను అక్కా అని పిలిచి, తొందరపెట్టకుండా అడిగాడు. ఉగాది ముందు మిషన్ దవాఖాన డాక్టరమ్మ వెంకటనర్సు కడుపులోకి సన్నని రబ్బరు గొట్టం వేసి పరీక్ష చేసి, పుండు ఉందని చెప్పింది. చుక్కల మందు రాసిచ్చింది. తన దగ్గర మందు నిలవ లేక, ఊళ్ళో ఉన్న సర్కారు దవాఖానలో తీసుకోమని చీటీ ఇచ్చింది. అక్కడి కాంపౌండరు మల్లప్ప ఆ చీటీ చూసి సీసాలో మందు పోసి ఇచ్చేవాడు. పూటకు పది చుక్కలు, నీళ్ళలో కలిపి. పది రోజులైనా కడుపు మంట తగ్గలేదు. వెళ్ళి అడిగితే ఒక చెంచా పొయ్యమన్నాడు. అదీ పని చేయలేదు. రెండు చెంచాలన్నాడు.

"ఆకరికి అర గిలాస తాపియ్యి, ఏం గాదన్నడు" అంది ఉప్పలమ్మ. "నెల రోజుల సంది పూటకు అర గిలాస తాపిన. మా ఇంటాయన నీళ్ళు తాగినట్టు తాగెటోడు."

ఆ నెల రోజుల్లో ఆయన నోరు ఎండిందా అని జానయ్య అడిగాడు. ఆ ప్రశ్న ఎందుకో గుర్వయ్యకు అర్థం కాలేదు. ఉప్పలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన తెగిన పోగును నాలికతో తడిపి అతికేవాడని, మంగళవారం సాయంత్రం దాకా మగ్గం మీద అలాగే అతికాడని చెప్పింది.

మంగళవారం పొద్దుటికి సీసా ఖాళీ అయింది. మధ్యాహ్నం వెళ్ళి నింపించుకొచ్చింది. ఈసారి మందుకు సారా వాసన వచ్చింది. అడిగితే మల్లప్ప తల ఎత్తకుండా, కొత్త మాలు, తీసుకుపొమ్మన్నాడు. దీపాలు పెట్టే వేళకు అర గ్లాసు తాపింది. కాసేపటికి ఆయన నోరు పిడచకట్టుకుపోతోందన్నాడు. చూపు మసకగా ఉందన్నాడు. కానీ చాలా రోజుల తరువాత మొదటిసారి కడుపు మంట లేదు.

ఆయన అన్న మాటను ఉప్పలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇయ్యాల మందు పనిజేస్తాంది ఉప్పలీ అన్నడు. నవ్విండు. తెల్లారంగనే ఆయనే అడిగి ఇంకో అర గిలాస తాగిండు."

రెండో మోతాదు తాగిన గంటకు మొహం ఎర్రగా కందిపోయింది. కంటి పాపలు విచ్చుకుని కళ్ళు మొత్తం నల్లగా కనబడ్డాయి. మంచం మీద పడుకుని, గాలిలో లేని పోగులను వేళ్ళతో ఏరి అతకబోయాడు. నాలిక మీద తడి లేక మళ్ళీ మళ్ళీ వేళ్ళు నోటి దగ్గరికి తీసుకుపోయాడు. పూట తప్పకూడదని ఆమె ముందే పోసిపెట్టిన మధ్యాహ్నం మందు ఆయన గొంతు దిగలేదు. పళ్ళెం మూసి గూట్లో పెట్టింది. కబురంపితే మల్లప్ప వచ్చాడు. గుమ్మంలో నుంచే, ఇది ఉమ్మెత్త పెట్టిన లక్షణం అన్నాడు. సర్కారు సీసా అంటూ మందు సీసాను సంచీలో వేసుకుని చౌకీకి వెళ్ళాడు. అమీన్‌ను పిలిచింది అతనే.

చౌకీ నుంచి జానయ్య ఉప్పలమ్మ ఇంటికి వెళ్ళాడు. అమీన్ మనుషులు వంట పాత్రలన్నీ మూటకట్టుకుపోయారు. ఇంటి వెనక ఉమ్మెత్త మొక్కను వేళ్ళతో సహా పీక్కుపోయారు. గూట్లో పళ్ళెం కింద ఇత్తడి గ్లాసు మాత్రం అలాగే ఉంది. జానయ్య వాసన చూసి గుర్వయ్యకు అందించాడు. ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు నీళ్ళు, ఘాటైన సారా వాసన. భిక్షపతిని సాక్షిగా పెట్టుకుని దాన్ని సీసాలో పోసి మూతికి లక్క అంటించారు.

సర్కారు దవాఖాన రెండు గదుల పెంకుటిల్లు. కాంపౌండరు మల్లప్ప తెల్లని లాల్చీలో, నుదుట విభూతితో మర్యాదగా కుర్చీ వేశాడు. మందుల అలమారా అద్దాల వెనక సీసాలు నిండుగా, వరసగా ఉన్నాయి. చుక్కల మందు పెద్ద సీసా మెడదాకా నిండి ఉంది. హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు బుధవారం తనిఖీకి వచ్చాడని, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాడని మల్లప్ప కాగితం తీసి చూపించాడు. ఆయన ఇంకా నకిరేకల్ బంగళాలోనే దిగి ఉన్నాడట. మోతాదు ఎంత చెప్పావని జానయ్య అడిగితే, చీటీలో ఉన్నట్టు పది చుక్కలేనన్నాడు.

"సదువు రాని ఆడది. ఎంత జెప్పినా ఎవరింటరు?" అన్నాడు మల్లప్ప. "ఆమె మందే సరిగ ఇయ్యలేదు. మిషన్ డాక్టరమ్మ గూడ గదే రాసింది, కావాలంటే పోయి సూడుండ్రి."

జానయ్య లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. దవాఖాన మెట్ల దగ్గర ఒక ముసలి జీతగాడు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. పేరు పెద్దులు. అతనిదీ అదే రోగం, అదే చుక్కల మందు. చేతిలో సీసా ఉంది, అడుగున రెండు వేళ్ళ మందు ఉంది. నిన్న నింపించుకుందామని వస్తే మందు అయిపోయిందన్నాడట మల్లప్ప. ఇవ్వాళా అదే మాట. ఎంత తాగుతున్నావని అడిగితే, అర గ్లాసు అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే కాంపౌండరు సారే అన్నాడు.

జానయ్య అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నేను వచ్చి చెప్పేదాకా ఈ దవాఖాన మందు ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోవద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ పాత సీసాను అడిగి తీసుకున్నాడు.

"అన్నా, అలమార్ల సీసా నిండుగున్నది గద. మరి లేదంటడేంది?" అన్నాడు గుర్వయ్య దారిలో.

"గదే అడగాలె" అన్నాడు జానయ్య.

శనివారం పొద్దున బాట మీద ఉన్న మిషన్ దవాఖానకు వెళ్ళారు. డాక్టరు కృష్ణమ్మ రోగులను చూసి ముగించేదాకా ఆగి, వెంకటనర్సు పరీక్ష కాగితాలు చూపించమని అడిగారు. ఆమె రెండు కాగితాలు తీసింది. మొదటిది మందు మొదలుపెట్టక ముందుది. రెండోది నెలన్నర మందు వాడాక చేసింది.

కడుపు అన్నం అరిగించడానికి పుల్లని ఊట ఊరుస్తుందని, మంచి కడుపుకు అది అవసరమేనని ఆమె చెప్పింది. పుండు ఉన్నవాడికి మాత్రం ఆ ఊటే పచ్చిపుండు మీద కారం. ఆ బాధ తగ్గించడానికే బెల్లడోనా చుక్కలు. అవి నోటిలో తడిని ఎలా తగ్గిస్తాయో కడుపులో ఊటనూ అలాగే తగ్గిస్తాయి. అందుకే సరైన మోతాదు పడినవాడికి నోరు కాస్త ఎండుతుంది. మందు పని చేస్తోందనడానికి అదే గుర్తు. రోగికి పలచని జావ తాపి, గొట్టం ద్వారా పావుగంటకొకసారి కొంచెం కొంచెం బయటికి తీసి పులుపు ఎంత ఉందో కొలిచి కాగితం మీద గీతగా గీస్తారు. మందు వాడితే ఆ గీత కిందికి దిగాలి.

జానయ్య రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. రెండు గీతలూ కలిసిపోయాయి.

"నేను ఉప్పలమ్మనే తిట్టిన" అంది కృష్ణమ్మ. "మందు ఇస్తలేవు, మొగున్ని సంపుకుంటవా అన్న. ఆమె పూట తప్పలేదని ఒట్టు వెడితే నమ్మలే. గా మాటనే అమీన్ రాసుకున్నడు."

ఆమె నిజంగానే పూట తప్పలేదని జానయ్య అన్నాడు. తరువాత రెండు సీసాలూ బల్ల మీద పెట్టాడు.

దవాఖాన వంటింట్లో తిరిగే పిల్లిని పట్టి తెచ్చారు. కృష్ణమ్మ దాని కుడి కంట్లో పెద్దులు పాత సీసాలోని మందు ఒక చుక్క వేసింది. ఎడమ కంట్లో గూట్లో దొరికిన మందు చుక్క వేసింది. అరగంట తరువాత దాన్ని ఎండలో పట్టుకున్నారు. కుడి కన్ను ఎండకు సన్నని గీతలా ముడుచుకుంది. ఎడమ కన్ను నల్లగా, గుండ్రంగా విచ్చుకుని అలాగే ఉండిపోయింది. కృష్ణమ్మ తన సంచీ సర్దుకుని బండి ఎక్కింది.

ఆ సాయంత్రం నాలుగింటికి జానయ్య కోరిక మీద అందరూ ఈదులవాగు సర్కారు దవాఖాన వసారాలో కూడారు. అమీన్, అతని జవాను, వాళ్ళ మధ్య ఉప్పలమ్మ, ఒక పక్క కృష్ణమ్మ, భిక్షపతి. పెద్దులు వసారా ఎక్కకుండా కింద నిలబడితే జానయ్య చెయ్యి పట్టి పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. మల్లప్ప కుర్చీలో కూర్చుని చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు.

జానయ్య లోపలికి వెళ్ళి అలమారాలోని పెద్ద సీసా తెచ్చాడు. అందరూ చూస్తుండగా ఇత్తడి గ్లాసులో సగం దాకా పోసి మల్లప్ప ముందు పెట్టాడు.

"అర గిలాస తాగితే ఏం గాదని ఉప్పలమ్మకు జెప్పినవు. పెద్దులుకు జెప్పినవు. ఇప్పుడు నువ్వు తాగు."

మల్లప్ప నవ్వబోయాడు. తనకేం రోగం లేదన్నాడు. తానెప్పుడూ అలా చెప్పలేదన్నాడు. పెద్దులు కూర్చున్నచోటు నుంచే, నాకు చెప్పినవు సారూ, గీ మెట్ల మీదనే చెప్పినవు అన్నాడు. మల్లప్ప చెయ్యి గ్లాసు వైపు పోలేదు.

"ఎందుకు తాగవో నేను జెప్త" అన్నాడు జానయ్య.

యుద్ధంతో మందులు కరువయ్యాయి. సర్కారు పంపే చుక్కల మందును మల్లప్ప పట్నంలో ఎక్కువ ధరకు అమ్ముకున్నాడు. ఊళ్ళో రోగులకు రంగు నీళ్ళు పోశాడు. నీళ్ళతో పుండు మానదు. రోగి మళ్ళీ వచ్చి బాధ చెబితే మోతాదు పెంచమన్నాడు. చుక్కలు చెంచాలయ్యాయి, చెంచాలు అర గ్లాసయ్యాయి. సీసాలో ఉన్నది నీళ్ళని తెలిసినవాడు తప్ప బెల్లడోనా అర గ్లాసు తాగమని ఏ కాంపౌండరూ చెప్పడు. వెంకటనర్సు నోరు ఒక్కరోజు కూడా ఎండలేదు. కడుపులో ఊట తగ్గలేదు. డాక్టరమ్మ గీసిన రెండు గీతలే దానికి సాక్ష్యం.

బుధవారం తనిఖీ అని కబురొచ్చింది. అమ్మడానికి దాచిన అసలు మందు తెచ్చి మల్లప్ప మంగళవారమే సీసాలు నింపాడు. ఆ మధ్యాహ్నం ఉప్పలమ్మ వచ్చింది. ఆమె సీసాలో పడింది ఆ అసలు మందే.

ఉమ్మెత్తకైనా కంటి పాపలు విచ్చుకుంటాయి గదా అని అమీన్ అడిగాడు. రెండింటిలో ఉన్నది ఒకటే జాతి విషమని, కళ్ళను చూసి తేడా పట్టలేరని కృష్ణమ్మ చెప్పింది. అయితే ఈ చుక్కలను సారాలో ఊరబెట్టి తీస్తారనీ, ఉమ్మెత్త గింజలు నూరితే ఆ వాసన రాదనీ, తాను పరీక్షించిన గ్లాసు మందూ ఇక్కడి పెద్ద సీసా మందూ రంగులో, వాసనలో ఒకటేననీ చెప్పింది. పెద్దులు పాత సీసాలో మందే లేదంది.

మల్లప్ప అప్పటికీ తల వంచలేదు. కొత్త మందు ఘాటు ఎక్కువ ఉండవచ్చని, తనకు తెలియక పోశానని అన్నాడు.

"ఎర్క లేకనా?" జానయ్య గొంతు మొదటిసారి పెరిగింది. "ఎర్క లేకుంటే గురువారం పెద్దులు సీస నింపకుంట ఎందుకు పంపినవు? అలమార నిండ మందు వెట్టుకొని లేదని ఎందుకన్నవు? రెండోడు గూడ సస్తే దొరికిపోతనని. మంగళవారం ఉప్పలమ్మకు గా ఒక్క మాట ఎందుకు జెప్పలే? పది సుక్కలే ఎయ్యమ్మా అంటే నీ నోరు పడిపోతుండెనా?"

మల్లప్ప మెడ తుడుచుకోవడం ఆపాడు. తనిఖీకి ఒక రోజు ముందే వచ్చిన పెద్ద డాక్టరు గుమాస్తా మంగళవారం ఇదే వసారాలో కూర్చుని ఉన్నాడని నేల చూస్తూ చెప్పాడు. పది చుక్కలు అంటే, ఇన్ని రోజులు అర గ్లాసు ఎందుకు పోయించావని ఆమె అక్కడే అడిగేది. గుమాస్తా వినేవాడు. చచ్చిపోతాడనుకోలేదన్నాడు. కాస్త తల తిరిగి లేస్తాడనుకున్నానన్నాడు.

"పోయినంక, ఆమె మీదికి తోసినవు" అన్నాడు జానయ్య.

భిక్షపతి ఒక్క దూకున మల్లప్ప మీదికి పోబోతే గుర్వయ్య నడుం పట్టి ఆపాడు.

అమీన్ జవానుకు సైగ చేశాడు. మల్లప్ప చేతులకు బేడీలు పడ్డాయి. అమీన్ లేచి టోపీ సర్దుకుని, ఉప్పలమ్మ వైపు చూడకుండానే, ఇక నువ్వు ఇంటికి పోవచ్చు పో అన్నాడు.

ఉప్పలమ్మ కదలలేదు.

"బుధవారం నాడు నా జుట్టు వట్టి బజార్లకెల్లి గుంజుకొచ్చినవు. అందరు వాకిట్ల నిలవడి సూసిండ్రు. మొగున్ని సంపిందని ఉమ్మేసిండ్రు" అంది ఆమె. "ఇప్పుడు నేనొక్కదాన్నే పోతే లంచమిచ్చి తప్పించుకున్నదంటరు. నువ్వు నా ఎంబడి రావాలె. ఇల్లిల్లుకు జెప్పాలె."

అమీన్ మొహం మాడిపోయింది. తాను సర్కారు మనిషినని, అట్లాంటి పనులు తన డ్యూటీ కాదని అన్నాడు. జానయ్య లేవలేదు, గొంతు పెంచలేదు. గుర్వయ్య ఉర్దూలో రాసిన అర్జీ సిద్ధంగా ఉందనీ, ఒక ఆడమనిషి గోళ్ళు పీకుతానన్న మాట కూడా అందులో ఉందనీ, నకిరేకల్ బంగళాలో ఉన్న పెద్ద డాక్టరు ద్వారా దాన్ని హైదరాబాదు పై అధికారులకు పంపడానికి బండి కట్టే ఉందనీ చెప్పాడు.

అమీన్ గుర్వయ్య చేతిలోని ఆ కాగితం వైపు చూశాడు. తరువాత మెట్లు దిగాడు. ఉప్పలమ్మ ముందు నడిచింది, అతను వెనక నడిచాడు. వాళ్ళ వెనక కృష్ణమ్మ, భిక్షపతి, పెద్దులు, జానయ్య, గుర్వయ్య. సాలోళ్ళ వీధి మొదటి ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. ఆ ఇంటి మనుషులు వాకిట్లోకి వచ్చారు.

అమీన్ కిందికి చూస్తూ, ఈమె తప్పేం లేదు, తప్పంతా కాంపౌండరుది అని గొణిగాడు.

"ఇనవడలే" అంది ఉప్పలమ్మ. "జర గట్టిగ జెప్పు."

అతను గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాడు. వాకిట్లోని ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉప్పలమ్మ ఆమెతో ఏమీ అనకుండా పక్క వాకిటి ముందు ఆగింది. ఆ వీధిలో ఇంకా యాభై మూడు ఇళ్ళున్నాయి.